నేను చదవని వాక్యం

మా మరిది నటేశన్ భుజం ఎముక విరగడానికి ఆముదమే కారణమని మా ఇంట్లో కొంతకాలం చెప్పుకున్నారు. ఆముదం పోసింది నా తోడికోడలు పుష్పవల్లి గనుక తప్పు ఆమెదేనని కూడా అన్నారు. మొదటి మాట సగమే నిజం. రెండోది అన్యాయం. ఆ అన్యాయం ఎక్కడ మొదలైందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే గనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గుడియాత్తం బజారులో మాది లుంగీల వ్యాపారం. మా మామగారు తిరువేంగడం శెట్టిగారు మగ్గాలవాళ్లకు నూలు ఇచ్చి, నేసిన లుంగీలు తీసుకొని, ఇటు అరక్కోణం నుంచి అటు బెంగుళూరు దాకా అంగళ్లకు వేసేవారు. పెద్దకొడుకు గుణశేఖరంగారు నా భర్త. ఆయన అంగడి గద్దె దిగేవారు కాదు. చిన్నవాడు నటేశన్ అంగడిలో గంటసేపు నిలిచేవాడు కాదు. ఊళ్లు తిరిగి సరుకు అమ్మడం అతని పని. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, మిలిటరీవారు వేలం వేసిన బళ్లలో ఒక మోటారు సైకిలును మామగారు అతని కోసం కొన్నారు. ఇంగ్లండులో తయారైన అయిదువందల సీసీ బండి. ఒంటి సిలిండరు. ముందు చక్రానికి ఒక పెద్ద స్ప్రింగు ఉండేది; వెనక చక్రానికి అదీ లేదు, గుంతలో పడితే తోలేవాడి నడుమే ఆ దెబ్బ కాచుకోవాలి. బజారులో అందరూ దాన్ని పటపటా బండి అనేవారు. దానితో పాటు నూనెగుడ్డలో చుట్టిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది.

ఆ పుస్తకం చదవగలిగిన మనిషిని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. వేలూరు కాన్వెంటులో పదకొండేళ్లు చదివాను. ఇంగ్లీషు వ్యాకరణంలో వరసగా మూడేళ్లు నాదే మొదటి స్థానం. పెళ్లిచూపులనాడు మామగారు జేబులోంచి ఒక ఇంగ్లీషు తంతి కాగితం తీసి నాచేత చదివించి, అర్థం చెప్పించి, "ఈ పిల్లే కావాల మనకు" అన్నారు. బెంగుళూరు నుంచి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలన్నీ ముందు నా చేతికే వచ్చేవి. ఆ ఇంట్లో నాకు దక్కిన గౌరవమంతా ఆ చదువు మీదనే నిలబడి ఉండేది. దాని కింద వేరే ఆధారం ఏదీ లేదని నాకు తెలుసు.

మరుసటి సంవత్సరం పుష్పవల్లి కోడలిగా వచ్చింది. ఆమె పుట్టిల్లు కే.వి.కుప్పం. తండ్రికి వేరుశనగ నూనె మిల్లు ఉండేది. మిల్లు తిప్పే పెద్ద ఇంజను పక్కనే ఆమె పెరిగింది. చదువు అరవంలో మూడో తరగతి. తెలుగు గలగలా మాట్లాడేది గాని తెలుగక్షరం ఒక్కటీ రాదు. అటువంటి తోడికోడలు రావడం నాకు సంతోషమే కలిగించిందని ఒప్పుకుంటున్నాను. ఆమెను చూసి నేనెప్పుడూ భయపడవలసిన పని లేదనుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు పొద్దున నటేశన్ ముంగిట్లో బండిని తన్ని తన్ని చెమటలు కక్కుతున్నాడు. అది దగ్గడమే గాని పలకడం లేదు. పుష్పవల్లి దోసె పిండి చేత్తోనే వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"దాన్నెందుకు అట్లా తంతారు? దానికి ఊపిరి ఆడలా. పెట్రోలు మింగి కూచోనుండాది. కొంచేపు ఊరకుండండి."

"ఓహో, మెకానిక్కు వచ్చినాదే! రా, నువ్వే తన్ను."

"తన్నను. మా ఊళ్లో ఇంజన్లను తన్నం, అడుగుతాం."

చెయ్యి కడుక్కొని వచ్చి, స్పానరు పట్టి ప్లగ్గు విప్పి, కొంగుతో తుడిచి, ఎండలో పెట్టి, పది నిమిషాల తరువాత మళ్లీ బిగించింది. రెండో తన్నుకు బండి పలికింది. అంగడికి బయలుదేరుతున్న మామగారు గడప మీద ఆగిపోయి, పెద్దగా నవ్వారు. ఆయన అంత పెద్దగా నవ్వగా నేను అంతకు ముందు విని ఉండలేదు.

ఆనాటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఆ బండివి అయినాయి. నేను తిన్నె మీద కూర్చొని పుస్తకం చదివి తెలుగులో చెప్పేదాన్ని. పుష్పవల్లి గోనెపట్టా మీద కూర్చొని నేను చెప్పింది చేసేది. వాల్వుల సందు ఎంత ఉండాలో, గొలుసు ఎంత వదులుండాలో, నూనె ఎన్ని మైళ్లకు మార్చాలో నా నోటి గుండానే ఆమెకు తెలిసింది. అయితే నేను చదివి మరచిపోయేదాన్ని. ఆమె మరిచేది కాదు. రాసుకునే అలవాటు లేదు గనుక మగ్గాల దగ్గర మిగిలిన నూలుపోగులు తెచ్చి గోడమేకుకు కట్టేది. నూనె మారిస్తే ఎర్రపోగు, గొలుసుకైతే నీలం, టైరుకు నలుపు. వెయ్యి మైళ్లకు ఒక ముడి. నాలుగేళ్లకు ఆ మేకు నుంచి జానెడు జడ వేలాడింది. ఏ ముడి దగ్గర ఏ బోల్టు మార్చిందీ కళ్లు మూసుకొని వేలితో తడిమి చెప్పేది.

ఇంజనులో తేడా శబ్దం వస్తే పప్పుగరిటె తలను సిలిండరుకు ఆనించి, కాడను చెవికి ఆనించి వినేది. మొదట నేను నవ్వాను. తరువాత మామగారే ఆ గరిటె కాడకు చెవి ఆనించి, "అవును పుష్పా, కిందనే ఏదో కొట్టుకుంటా ఉండాది" అన్ననాడు నవ్వలేదు.

అసూయ ఒక్కరోజులో పుట్టలేదు. ఆమె విడిభాగాల కోసమని బండి వెనక కూర్చొని వేలూరు వెళ్లేది. తలనిండా దుమ్ముతో తిరిగివచ్చి, కోట అగడ్తలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చేతులతో చూపించేది. నా భర్తకు బండి ఎక్కితే కళ్లు తిరుగుతాయి గనుక నేను పుట్టి పెరిగిన వేలూరుకు నేను రైల్లో, సంవత్సరానికి ఒకసారి వెళ్లేదాన్ని. వేలూరులో పొన్నుసామి అని మిలిటరీ నుంచి వచ్చిన మెకానిక్కు ఉండేవాడు. అతను మా అంగడి నుంచి ఎవరు వెళ్లినా ముందు అడిగే మాట, "చిన్నమ్మ బాగుండాదా?" అని. పెద్దమ్మ ఒకతె ఉన్నదని అతనికి తెలియనే తెలియదు. బంధువులు వస్తే మామగారు వాళ్లను ముంగిట్లోకి తీసుకెళ్లి, "ఆరేండ్లుగా తిరగతా ఉండాది, నడిదారిలో ఒక్కనాడు నిలవలేదు. అదే వేలంలో పళ్ళికొండ మారియప్పన్ కొన్నది రెండేండ్లకే చచ్చింది. ఇంజను విప్పి బావికి కట్టుకున్నాడు. మనది చూడండి, అంతా మా చిన్నకోడలి చెయ్యి" అనేవారు. పుస్తకం చదివిన గొంతు ఎవరిదో ఆయన ఒక్కసారీ చెప్పలేదు.

చెప్పి ఉంటే నాకు సరిపోయేదా? ఈ ప్రశ్న నన్ను నేనే చాలాసార్లు అడిగాను. సరిపోయేది కాదనుకుంటాను.

1953 అక్టోబరు మొదట ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు అరవ దేశంలోనే ఉండిపోయాము. ఏ తాలూకా ఎవరికని మా చుట్టుపక్కల అంతా వేడెక్కి ఉంది. ఆ నెలలోనే ఆయుధపూజ వచ్చింది. తక్కెడలూ కత్తెరలూ గజంబద్దలూ వరసగా పెట్టి, వాటి చివర బండిని నిలబెట్టి పుష్పవల్లి బొట్లు పెట్టింది. మైళ్ల గడియారంలో అంకె అరవైమూడు వేలు దాటి ఉంది. మా ఇంటికి వచ్చిననాడు అది పదకొండు వేలు. హారతి అయ్యాక మామగారు అందరి ముందు అన్నారు:

"ఈ బండి రిజిస్ట్రేషను బుక్కు నా పేరుతో ఉండాది. నాకు తోలను రాదు. తోలేవోడికి చూసుకోను రాదు. దీపావళి పోయినాక వేలూరు పోయి బుక్కు పుష్ప పేరుకు రాయించేస్తా. బండి దానిదే."

నటేశన్ నవ్వి, "నాయనా, ఇంక నేను యాడికి పోవాలన్నా దీని పర్మిషను అడగాలా?" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం అడగకుండానా పోతా ఉండావు?" అన్నది పుష్పవల్లి.

అందరూ నవ్వారు. నేను హారతి పళ్లెం లోపల పెట్టి వస్తానని వెళ్లి వంటింట్లో నిలబడిపోయాను. మా వంశంలో ఏ స్త్రీ పేరు మీదా సెంటు భూమి లేదు, ఒక తక్కెడ లేదు. సర్కారు కాగితం మీద ముద్రతో పేరెక్కబోయే మొదటి ఆడది, తన పేరు తెలుగులో రాయలేని మనిషి. న్యాయమా ఇది, అని నన్ను నేనే అడిగాను. న్యాయమనే మాట నేను అంత తప్పుగా ఎన్నడూ వాడలేదు.

వారం తరువాత ఆ సరిహద్దు గొడవలతోనే అరక్కోణం వైపు రైళ్లు ఆగిపోయాయి. బస్సులు లేవు. దీపావళి సరుకు అటు అంగళ్లకు చేరకపోతే ఏడాది శ్రమ వృథా అవుతుంది. నటేశన్ మరునాడు పొద్దున లుంగీల మూటలు బండికి కట్టుకొని వేలూరు మీదుగా అరక్కోణం వెళ్లి, తిరిగివచ్చి, ఆగకుండా పేర్నంబట్టు ఘాటెక్కి వి.కోట వైపు పోవాలని నిశ్చయమైంది. పుష్పవల్లి బండి చూసి వచ్చి, ఆయిలు ట్యాంకులో సగమే ఉందన్నది. గుడియాత్తంలో హర్తాళు, మోటారు ఆయిలు అమ్మే అంగడి రెండు రోజులుగా మూసి ఉంది.

సాయంత్రం నేను తిన్నె మీద బియ్యం ఏరుతున్నాను. ఆమె పుస్తకం పట్టుకొని వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ఒక మాట. ఆయిలు దొరకలా. మన అంగడి వెనక ఆముదం డబ్బా ఉండాది. మా నాయన బండి ఇరుసులకు, మిల్లు బేరింగులకు అదే పోస్తాడు. కందెన అంటే ఆముదమే కదా. దీంట్లో పోయొచ్చునా? పుస్తకంలో చూడవా?"

మా ప్రాంతంలో ఎవరినడిగినా ఆ ప్రశ్నకు అవుననే చెబుతారు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి బూడిద కలిపి రాస్తారు. పసిబిడ్డ మాడుకు ఆముదం, కీళ్లనొప్పికి ఆముదం. గింజల నూనెను నమ్మిన ఇల్లు మాది. భూమిలోంచి వచ్చిన నల్లనూనె కంటె ఆముదం శ్రేష్ఠమని నమ్మడంలో ఆమె తప్పేమీ లేదు. అయినా ఆమె అడిగింది. నమ్మినదాన్ని కూడా పుస్తకాన్ని అడగకుండా చెయ్యని మనిషి ఆమె.

నేను పేజీ తీశాను. నూనెను గురించిన అధ్యాయం నాకు తెలిసినదే. మూడో పేరా కింద లావు అక్షరాలతో, గీత గీసి, ఒక వాక్యం ఉంది: ఖనిజ తైలంతో గింజల నూనెను ఏ పరిస్థితిలోనూ కలపరాదు, కలిపితే జిగురుకట్టి ఇంజను పట్టేస్తుంది.

నేను మొదటి పేరా చదివాను. రెండో పేరా చదివాను. ట్యాంకులో నూనె ఎంతవరకు ఉండాలో చెప్పాను. మూత తీసి చూస్తే తిరిగివచ్చే నూనె ధార కనబడాలని చెప్పాను. నేను చదివిన ప్రతి మాటా ఆ పుస్తకంలో ఉన్నదే.

"ఆముదం పోయొద్దని ఏమన్నా ఉండాదా అక్కా?"

"ఉంటే చదవనా?"

ఆమె సరేనని తలూపి లేచింది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉన్నాను. కాన్వెంటులో మా సిస్టర్లు నీతిపాఠంలో చేసిన పాపమనీ, చేయక విడిచిన పాపమనీ రెండుగా చెప్పేవారు. రెండోదానికి శిక్ష తక్కువా అని నేనొకసారి లేచి అడిగాను. తక్కువ కాదు, దాన్ని పట్టుకోవడం కష్టం, అంతే అని సమాధానం వచ్చింది.

నేనేమి కోరుకున్నానో స్పష్టంగా చెప్పాలి. నటేశన్‌కు కీడు జరగాలని కోరలేదు. బండి ఎక్కడో ఆగిపోవాలని, దాన్ని ఎడ్లబండి మీద వేసుకొని తేవాలని, ఆరేళ్లలో మొదటిసారి మామగారు ముంగిట్లో తల దించుకొని నిలబడాలని కోరుకున్నాను. బుక్కు మీద ఆ పేరు ఎక్కకూడదని కోరుకున్నాను. పరిగెత్తుతున్న ఇంజను పట్టేస్తే వెనక చక్రం ఏమవుతుందో ఆలోచించలేదు. ఆలోచించకపోవడం కూడా నేను చేసిన పనే.

మరునాడు ఉదయం బండి వెళ్లిపోయాక వీధంతా ఆరిన ఆముదపు దీపం వాసన వేసింది. వాకిలి ఊడ్చే మనిషి, "ఇదేందమ్మా, బండి గుడి మాదిరి వాసనొస్తాది!" అన్నది. నేను లోపలికి వెళ్లాను.

మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. అరక్కోణం వెళ్లివచ్చింది. ఆ రెండో రాత్రి బండి వేలూరులో నిలిచి పూర్తిగా చల్లబడింది. మూడో రోజు పేర్నంబట్టు దాటి ఘాటు ఎక్కుతుండగా నాలుగో మలుపులో ఇంజను బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసింది. నటేశన్ ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. కుడి భుజం ఎముక విరిగింది. రెండు అడుగులు పక్కకు పడి ఉంటే లోయ. కట్టెల బండివాడు ఒకడు అతన్ని పేర్నంబట్టుకు చేర్చాడు.

కట్టు కట్టించుకొని అతను ఇంటికి వచ్చిననాడు మామగారు పుష్పవల్లిని ఒక్క మాట అడిగారు. "ఏం పోసినావు?"

"ఆముదం మామా."

ఆయన పైపంచె దులిపి భుజాన వేసుకున్నారు. "ఆడదాని చేతికి ఇంజను ఇచ్చింది నా తప్పు" అన్నారు. ఆ సాయంత్రమే పళ్ళికొండ మారియప్పన్‌కు కబురు వెళ్లింది. తన బావి ఇంజనుకు విడిభాగాలుగా మా బండిని విప్పి తీసుకుంటానని అతను వెంటనే ఒప్పుకున్నాడు. పుష్పవల్లి స్పానర్లున్న పెట్టెను మామగారే తీసి అటక మీద పెట్టించారు. నేను కోరుకున్నది అంతా, కోరినదానికంటె ఎక్కువే, జరిగింది. ఆ రాత్రి భోజనంలో ఉప్పు ఉన్నదో లేదో నాకు తెలియలేదు.

పుష్పవల్లి ఏడవలేదు. "అమ్మేముందర ఏమైందో చూడాల" అన్నది. "నా తప్పయితే నా తప్పని తెలిసిపోవాల. చూడకుండా ఇయ్యొద్దు మామా." మామగారు ఆ ఒక్కదానికి ఒప్పుకున్నారు. బండిని ఎడ్లబండి మీద వేలూరుకు పంపి, రైళ్లు మళ్లీ నడవడంతో మర్నాడు మేమూ రైల్లో వెళ్లాము. పుస్తకం తెమ్మని పొన్నుసామి కబురు చేసినందువల్ల నన్నూ తీసుకెళ్లారు. చెయ్యి మెడకు కట్టుకొని నటేశన్ కూడా వచ్చాడు.

పొన్నుసామి షెడ్డులో బండి పక్కకు ఒరిగి పడి ఉంది. అతను ఇంజను కిందిభాగం విప్పి, నూనె వడకట్టే జల్లెడ తీసి మామగారి ముందు పెట్టాడు. దాని కళ్లన్నీ గోధుమరంగు బంకతో మూసుకుపోయి ఉన్నాయి.

"పారుంగయ్యా, చూడండి, ఇది ఆయిలా? బంక! రెండు నూనెలూ కలిసి కొట్లాడుకొని, చల్లారినాక గడ్డకట్టిన బంక. నూనె పైకి యాడ పోతాది? పిస్టను ఎండిపోయి సిలిండరును కరుచుకుంది. మిలిటరీలో మా సార్జెంటు రోజూ అరిచేవాడు, గింజనూనె కలపొద్దురా అని. ఆ పుస్తకంలోనే లావు అక్షరంతో వేసి ఉంటాది."

మామగారు పుష్పవల్లి వైపు తిరిగారు. "పోసేముందర పుస్తకం చదివించుకోలేదా?"

"చదివించుకున్నా మామా."

"మరి?"

ఆమె నా వైపు చూసింది. ఎంతసేపో చెప్పలేను; పొన్నుసామి చేతిలోని గుడ్డతో రెండు వేళ్లు తుడుచుకునేంతసేపు. ఆ చూపుతో ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"అక్క చదివింది," అన్నది. "నేను సరిగ్గా వినలేదేమో."

తప్పించుకోవడానికి ఆమె నాకు తలుపు తీసి పట్టుకుంది. నేను చేయవలసిందల్లా దాటడం. "చదివాను మామా, ఆమె వినలేదు" అంటే చాలు. షెడ్డులో ఉన్న ప్రతివారూ నమ్ముతారు. నా చదువుకు ఆ విలువ ఉండేది. ఇంగ్లీషు తెలిసిన మనిషి మాట మీద, తెలియని మనిషి నేరస్థురాలవుతుంది.

"ఏమ్మా వాసవాంబా," అన్నారు మామగారు నాతో, "ఆ మాట పుస్తకంలో ఉండాదా?"

"ఉంది మామా. చదవలేదు."

"కనబడలేదా?"

"కనబడింది. ఉందా అని ఆమె అడిగింది కూడా. ఉంటే చదవనా అన్నాను."

నటేశన్ కూర్చున్న టైరు మీద నుంచి లేచాడు. "వదినా! నేను లోయలో పడుంటే?"

నేను పుస్తకంలో ఆ పేజీ తీసి మామగారి ముందు పెట్టాను.

"ఎందుకమ్మా?" అన్నారు మామగారు. ఆయన గొంతు బాగా తగ్గింది.

"అసూయ మామా. బుక్కు మీద ఆమె పేరు ఎక్కుతుందంటే ఓర్వలేకపోయాను."

పొన్నుసామి మర్యాద తెలిసినవాడు. స్పానరు వెతుకుతున్నట్టు బయటికి వెళ్లిపోయాడు. మామగారు ఆ జల్లెడను పక్కకు నెట్టారు. "సరి," అన్నారు, "ఇంటిమాట ఇక్కడితో పోనీ. నీ మొగుడికి కూడా చెప్పొద్దు. మారియప్పన్ రేపు బండి తీసకపోతాడు. ఈ దరిద్రం మన ముంగిట్లో వద్దు. ఇద్దరూ సమాధానంగా ఉండండి."

ఆయన మంచితనంతోనే అన్నారు. నాకు ఒళ్లు మండింది. నా జీవితంలో మామగారికి ఎదురు చెప్పింది అదొక్కసారే.

"ఇది సమాధానం కాదు మామా. తప్పు నాది, పోయేది ఆమె బండి. అడగవలసిన ప్రశ్న ఆమె అడిగింది. జవాబు దాచింది నేను. మీరు బండి అమ్మితే నేను కోరుకున్నదే నాకు ఇచ్చినట్టు. నేరం చేసినదానికి బహుమానమా? ఆడదాని చేతికి ఇంజను ఇవ్వడం తప్పని ఆనాడు అందరి ముందు అన్నారు. ఆ మాట కూడా అందరి ముందే వెనక్కి తీసుకోవాలి."

"నన్నే తప్పంటావా?"

"నా తరువాత, మామా."

నటేశన్ బాధలోనే ఒక్క నవ్వు నవ్వి, భుజం పట్టుకొని మళ్లీ కూర్చున్నాడు. మామగారు పుష్పవల్లి వైపు తిరిగి అడిగారు. "నువ్వు చెప్పమ్మా. నష్టపోయింది నువ్వు. ఏం కావాల?"

క్షమించానని అంటుందేమోనని భయపడ్డాను. అంటే నేను జీవితాంతం ఆమెకు తలవంచి బతకాలి. పుష్పవల్లి జల్లెడను చేతిలోకి తీసుకొని బంకను గోటితో గీకి చూసింది.

"బండి కావాల. పిస్టను వేయిస్తే తిరగతాదని పొన్నుసామన్న కళ్లు చెప్తా ఉండాయి. ఇంకొకటి. నాకు ఇంగ్లీషు కావాల. అక్కే నేర్పాల. ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి కడాపేజీ దాకా నా నోటితో నేను చదవాల. ఇంకెవురి నోరూ నాకు వద్దు."

నగలు అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. వంటింటి పెత్తనం అడిగినా ఇచ్చేదాన్ని. ఆ ఇంట్లో నాది అని ఉన్నది ఒక్కటే; ఆమె దానిమీదనే చెయ్యి పెట్టింది. శిక్షను ఇంత సరిగ్గా తూచగలిగిన మనిషి కోర్టుల్లో కూడా ఉండరేమో. ఒప్పుకున్నాను.

ఇల్లు చేరిన సాయంత్రం నా భర్తతో నేనే చెప్పాను. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మామగారు దీపావళినాడు బంధువుల ముందు, తాను చిన్నకోడలి విషయంలో తొందరపడ్డానని ముక్తసరిగా అన్నారు. కారణం చెప్పబోతే నేనే లేచి చెప్పాను. పెద్దవాళ్లు చెవులు మూసుకున్నారు.

కార్తీకంలో పాఠం మొదలైంది. రోజూ భోజనాల తరువాత ఒక గంట. పలక మీద అక్షరాలు దిద్దించాను. ఆమె చెయ్యి బరువుగా పడేది. రెండు బలపాలు విరిచింది. "మీ ఇంగ్లీషోళ్లకు బుద్ధి లేదక్కా. పలకని అక్షరం ఎందుకు రాస్తారు? పని చెయ్యని నట్టు బిగించినట్టు" అని విసుక్కునేది. నేను నవ్వలేదు, అయితే నవ్వు వచ్చింది. కఠినంగానే నేర్పాను. ఒక్క అక్షరం వదలలేదు, ఒక్క తప్పు క్షమించలేదు. నేర్పడంలో కూడా ఏదో దాచాలనే బుద్ధి నాకు రెండుసార్లు పుట్టింది. రెండుసార్లూ దాన్ని గుర్తుపట్టాను.

ఏడు నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఆమె నూనె అధ్యాయానికి వచ్చింది. మూడో పేరా కింద వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కొని లావు అక్షరాల వాక్యం పూర్తిగా చదివింది. అర్థం తానే చెప్పింది. నావైపు చూడలేదు. పేజీ తిప్పి తరువాతి పేరా మొదలుపెట్టింది.

బండి కొత్త పిస్టనుతో మళ్లీ తిరిగింది. మామగారు బుక్కు మార్పించే రోజు పెట్టించారు. వేలూరులో మోటారు బళ్ల ఆఫీసుకు ఆయనా, పుష్పవల్లీ, సాక్షిగా నేనూ వెళ్లాము. గుమాస్తా వేలిముద్ర కోసం సిరాదిండు ముందుకు తోశాడు. ఆమె దాన్ని పక్కకు జరిపి కలం అడిగింది. ఇంగ్లీషులో, పూర్తి పేరు, ఒకే ఒరవడిగా రాసింది. అక్షరాల తోకలు కుడివైపుకు వంగి ఉన్నాయి. అది మా కాన్వెంటు దస్తూరి, నా దస్తూరి.

గుమాస్తా కళ్లద్దాలు సర్దుకొని, "ఎంత ముత్యాల్లా రాసినారమ్మా! ఏ కాన్వెంటులో చదివినారు?" అన్నాడు.

నా పేరు చెబుతుందనుకున్నాను.

"ఇంట్లోనే," అన్నది పుష్పవల్లి, కలం కింద పెడుతూ.

నా పేరు చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత ఆమెకు లేదు. అది తెలిసి కూడా నేర్పింది నేనని చెప్పడానికి నోరు తెరిచాను. మూసుకున్నాను. గుమాస్తా, "సాక్షి ఇక్కడ" అని వేలు పెట్టి చూపించాడు. ఆమె పేరు తడి ఆరకముందే దాని కింద నా సంతకం చేశాను.